ఆ కాంత ఎవరు?

మంచి శుక్రవారం ప్రసంగంలో మా నాన్న “ప్రభువును పొడిచింది ఆడదే” అన్నాడనీ, అందుకే ఉయ్యూరు సంఘం ఆయన్ని మైలవరం సాగనంపిందనీ మా చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అనలేదు. ముందు వరసలో చాప మీద కూర్చుని విన్నదాన్ని నేను.

మొన్న విజయవాడలో మా చర్చి పిల్లల నాటకానికని బీసెంట్ రోడ్డులో కొన్న ప్లాస్టిక్ ముళ్ళకిరీటం నా చేతికిచ్చారు. ఎక్కడ నొక్కినా గుచ్చుకోదు. ఆ ప్లాస్టిక్ కంపు ముక్కుకు తగలగానే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన కమ్మిన మా పెంకుటిల్లూ, ఉపవాసం విడిచేవాళ్ళ కోసం కుండలో చల్లబడే అల్లం మజ్జిగా, కాలవగట్టున నరికిన తుమ్మకొమ్మల్ని చేతికి తడిగుడ్డ చుట్టుకుని కిరీటంగా వంచే అమ్మా, పక్కనే గ్రీకు వల్లించే పాస్టరు నాన్నా కళ్ళముందు నిలిచారు.

“అకాంథా అంటే ముల్లు, స్త్రీలింగం. అకాంథోస్ అంటే ఆకుల మొక్క, పుంలింగం. సువార్తలో ‘ముళ్ళతో’ కిరీటం అల్లారన్నచోట రెండింటికీ అవే అక్షరాలు. నొక్కి పలికే చోటే తేడా. పాత రాతప్రతుల్లో ఆ నొక్కు చూపే గుర్తు పెట్టనే లేదు.”

“మీ గ్రీకు సంగతేమో గానీ, నా వేళ్ళనడగండి, ముళ్ళో ఆకులో చెప్తాయి,” అనేది అమ్మ, వేలి నెత్తురు చప్పరిస్తూ.

పీఠం మీద నాన్న తేల్చిందీ అదే: అకాంథా స్త్రీలింగం, కాబట్టి ముళ్ళే. ముళ్ళ పక్షానే వాదించాడండీ ఆ మనిషి! ఆరాధన ముగిసి జనం గేటు దాటేలోపే ‘అకాంథా’ కాస్తా ‘ఆ కాంత’ అయి కూర్చుంది. మా మేనత్త మజ్జిగ గ్లాసుతోనే వచ్చి నిలదీసింది: “ఏరా తమ్ముడూ, ఎవర్రా ఆ కాంత? ప్రభువుని పొడిచింది మా ఆడాళ్ళేనంట్రా?”

అత్తది చెవి పొరపాటే అనుకుందాం. మరి సంఘపెద్ద రత్నరాజు గారిదో? బడిలో తెలుగు మాస్టారు, లింగాలూ వచనాలూ పిల్లల చేత వల్లె వేయించినాయన. నాన్న ‘స్త్రీలింగం’ అన్నప్పుడు పీఠం పక్క కుర్చీలో తల ఊపాడు, నేను చూశాను. ఆయనే తర్వాత కమిటీలో లేచి, ఆడవాళ్ళను అవమానించిన పాస్టరు మాకొద్దన్నాడు. మేం సామాను బండికెక్కించాక ఆ పీఠం ఎక్కింది ఆయన అల్లుడు.

ఇప్పుడు ఆ గట్టున తుమ్మల్లేవు, సిమెంటు రోడ్డుంది. అమ్మ లేదు, నాన్నా లేడు. ‘ఆ కాంత’ మాత్రం బతికే ఉంది, మొన్న పెళ్ళిలో కూడా చెప్పుకుని నవ్వారు. నాకు కావలసింది ఒక్కటే: ఆ మాటను గేటు దగ్గర మొదట విరిచిన నోరు ఎవరిది?