ఎడమకాలి జాంబీ

మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో నేను కాపలా ఉంటున్న బడిలో మొన్న పిల్లలు వార్షికోత్సవానికి ఏదో జాంబీల ఆట తయారుచేస్తూ, మొహాలకు పౌడరు పూసుకుని, మెడలు వాల్చి, కాళ్ళు ఈడ్చుకుంటూ గేటు దాకా వచ్చి నన్ను భయపెట్టబోయారు. నేను భయపడలేదు సరికదా, చూపు మనిషి మీద కాక మనిషిని దాటి వెనకాల గోడ మీద పెట్టాలని, ఊపిరి నోటితో పీల్చాలని కుర్చీలోంచే వాళ్ళ తప్పులు దిద్దాను. వాచ్‌మన్ తాతకు ఈ విద్య ఎక్కడిదని వాళ్ళకు ఒకటే ఆశ్చర్యం.

నా ఈడువారికి జాంబీ అంటే తెలియకపోవచ్చు కనుక చెబుతున్నాను, చచ్చి లేచి నడిచే శవమన్నమాట. మన దయ్యాలు దీనికన్నా ఎంతో మర్యాద గలవి. వాటికొక పేరు, ఒక ఇల్లు, తీరని కోరిక ఒకటి ఉంటాయి, ఒక కోడినో సీసా కల్లునో ఇస్తే మాట వింటాయి. దీనితో అలాంటి బేరాలేవీ కుదరవు, దీనికున్నది వట్టి నడక ఒక్కటే.

ఆ నడక నేను నేర్చుకున్నది ఈ దేశం వచ్చిన కొత్తల్లో. సైట్‌లో పరంజా మీదినుంచి పడి నా కుడి మోకాలు విరిగింది, అతికింది గాని వంకరగా అతికింది. ఇక వీడు పైకెక్కి పనిచేయలేడని కంపెనీ నన్ను ఇంటికి పంపే మాటలాడుతున్న రోజుల్లో, మస్కట్‌లోని ఒక మాల్‌లో పండుగ సెలవులకు భయపెట్టే చీకటిగది పెడుతున్నారని, పదిమంది మనుషులు కావాలని కబురొచ్చింది. నన్ను ఒమాన్‌కు తెచ్చిన మా అక్క మొగుడు, మా బావ, తానూ అందులో చేరి, మేనేజరును బతిమాలి నన్నూ చేర్పించాడు. అక్కడ పనికొస్తే మాల్‌లోనే క్లీనింగ్‌లో ఉంచుతానని, లేకపోతే ఊరికి టికెట్టేనని మేనేజరు ముందే చెప్పాడు.

నేర్పడానికొచ్చిన ఫిలిప్పీన్స్ ఆవిడ మా చేత గంటసేపు నడిపించి విసిగిపోయింది. రోజంతా సిమెంటు బస్తాలు మోసే మనుషులకు కాలు ఈడ్చడం రాలేదంటే నమ్మండి, ఒకడు తాగుబోతులా నడిచాడు, ఒకడు పెళ్ళికొడుకులా నడిచాడు. చివరికి ఆవిడ కళ్ళు, మంచినీళ్ళ కోసం కుంటుకుంటూ వెళుతున్న నా మీద పడ్డాయి. చప్పట్లు కొట్టి, అందరూ ఇతనిలా నడవండి అంది. ఆవిడ తప్పేమీ లేదు, నేను నటిస్తున్నాననుకుంది.

"అరె బామ్మర్దీ, నువ్వు జర్ర ముంగట నడువు, నీ ఎనుక మేమొస్తం" అన్నాడు బావ.

బావామరదుల ఎకసెక్కాలు మా వైపు కూరలో ఉప్పులాంటివి, ఆయన్ను నేనూ తక్కువేమీ అనలేదు. కాని వెనక్కి తిరిగి చూస్తే తొమ్మిదిమంది, కాళ్ళు నిక్షేపంగా ఉన్నవాళ్ళు, వరసకట్టి నా కుంటుడు కుంటుతున్నారు. ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది, దాచను.

"ఇది నా కుంటుడు, బావా. టికెట్టు వెట్టి దీన్ని చూపియ్యనియ్య" అన్నాను.

బావ నవ్వు ఆగిపోయింది. ఉన్న పని కూడా పోతుందని భయపెట్టాడు. నేను వినకుండా ఆవిడ దగ్గరికి వెళ్ళి, వచ్చీరాని హిందీలో, ఎడమకాలు ఈడుస్తాను, వారం రోజులు ఇవ్వమన్నాను. ఆవిడ నా మోకాలి వంక చూసి, అప్పటికి సంగతి తెలిసి, సరేనని తలూపింది.

మంచికాలు ఈడ్చాలంటే ఒంటి బరువంతా విరిగిన కాలి మీద ఆనాలి. సాయంత్రం రూమ్ చేరగానే వరండాలో గోడ పట్టుకుని మొదలుపెట్టేవాణ్ణి. చచ్చినట్టు పడి ఉండమంటే ఎడమకాలు వినదు, ఆదుకోవడానికి ముందుకు దూకుతుంది, ఎంతైనా అన్నేళ్ళు నన్ను మోసిన కాలు. నాలుగో రోజుకు గోడ వదిలాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకమని బావ నన్ను తిడుతూనే, రోజూ నూనె వెచ్చచేసి మోకాలికి రాశాడు. తప్పయిందని మాత్రం ఒక్కనాడూ అనలేదు, బావలు అనరు.

వారం తర్వాత మేనేజరు చూడ్డానికొచ్చాడు. నేను ఎడమకాలు ఈడుస్తూ, అతన్ని దాటి గోడను చూస్తూ ముందుకొచ్చాను. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత తేరుకుని, ఇంతకూ దెబ్బ తగిలింది ఏ కాలికని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న చాలు నాకు. ఆ మాల్‌లో ఆ తర్వాత తొమ్మిదేళ్ళు నేల తుడిచాను. ఆ వారమే మోకాలిని పూర్తిగా పాడుచేసిందని డాక్టరు తర్వాత చెప్పాడు. చెబితే చెప్పాడు, ఇప్పుడైనా నేను అదే చేస్తాను.

కాలం ఇప్పుడు మర్యాద నేర్చింది. కుంటివాణ్ణి చూసి ఎవరూ నవ్వడం లేదు, లిఫ్టు తలుపు పట్టుకుంటారు, బస్సులో లేచి చోటిస్తారు, మెల్లగా అంకుల్ అంటారు. మంచిదే, కాదనను. ఊరికి వెళ్ళిపోయిన బావ కూడా ఫోన్‌లో కాలెట్లుందని మెత్తగా అడిగి ఊరుకుంటున్నాడు, ఒక్క ఎకసెక్కమైనా ఆడడు. ఆనాటి నవ్వుకు ఏడు రోజుల్లో నడిచి జవాబు చెప్పాను. ఈ జాలికి ఏ కాలు ఈడ్చి జవాబు చెప్పాలో ఇంకా తెలియలేదు. తెలిసిననాడు, మోకాలు ఏమైపోయినా సరే, అదీ నేర్చుకుంటాను.