పచ్చిపులుసులో గంటె పెట్టనివ్వని అత్తమ్మ

నిన్న పొద్దున ఫోన్ వచ్చినప్పుడు నేను వనపర్తిలో ఒక సూపర్ మార్కెట్‌లో ఉన్నాను. చేతిలో అల్లం వెల్లుల్లి పేస్ట్ ప్యాకెట్.

"అమ్మ పోయిందే" అన్నాడు అత్తమ్మ కొడుకు నర్సింలు బావ.



తర్వాత నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? ఆ ప్యాకెట్‌ని గబగబా మళ్లీ ర్యాక్‌లో పెట్టేశాను. అత్తమ్మ వెనకాలే నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. అక్కడే ఏడుపొచ్చింది, ఏడుస్తుంటే నవ్వొచ్చింది. బిల్లింగ్ కౌంటర్ అమ్మాయి పాపం భయపడింది.

బాలమణి అత్తమ్మ మా నాన్నకి అక్క. ఉండేది తిమ్మాజిపేటలో. నిన్న పెరట్లో కూర్చుని పల్లీలు ఒలుస్తూ అలాగే గోడకి ఒరిగిపోయిందట. ఒలిచిన పల్లీలు ఒళ్లోనే ఉన్నాయట.

రేపు మూడో రోజు. పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తాం. ముట్టలేదంటే వాళ్ల మనసులో ఇంకా ఏదో మిగిలిపోయిందని మావాళ్ల నమ్మకం.

"ఎందుకే గింత తిప్పలు, కర్రీ పాయింట్ కెల్లి తెప్పిద్దాం" అన్నాడు బావ.

నేను ఒప్పుకోలేదు. కర్రీ పాయింట్ కూర పెడితే కాకులు వస్తాయేమో కానీ అత్తమ్మ మాత్రం రాదు. నేనే వండుతానని మాటిచ్చేశాను. అప్పటి నుంచి ఒకటే భయం.

ఎందుకో చెప్తాను.

ఇలాంటి పోస్టుల్లో పోయినవాళ్లని దేవతల్ని చేసేస్తారు. అత్తమ్మ దేవత కాదు, బాబోయ్! ఎవరింటికి వెళ్లినా చెప్పులు విప్పి నేరుగా కిచెన్‌లోకే. ప్రతి డబ్బా మూత తీసి వాసన చూసేది. "గిది కారంపొడా, రంగు పొడా?" అని మొహం మీదే అడిగేది. ఇంటావిడ అలిగేలోపు తన సంచిలోంచి ఇంత కరివేపాకు, ఇంత కొత్తిమీర తీసి చేతిలో పెట్టేది. ఇక ఎవరు కోప్పడతారు?

మనవరాలు ఒకసారి నూడుల్స్ కావాలని కింద పడి దొర్లింది. అత్తమ్మ కాదనలేదు. ప్యాకెట్ తెప్పించింది, లోపలి మసాలా పొట్లం పారేసింది, నూడుల్స్‌లో పుంటికూర, అదే గోంగూర, వేసి వండింది! ఆ పిల్ల గిన్నె నాకేసింది. మేమూ అడిగి పెట్టించుకున్నాం. చాలా బాగుంది, ఆమె ముందు మాత్రం ఎవరం ఒప్పుకోలేదు.

మా చెల్లి పెళ్లికి వంటవాళ్లు బకెట్ల కొద్దీ రెడీమేడ్ పేస్ట్ దించారు. అత్తమ్మ చూసింది. చీర కొంగు దోపి, చాప పరిచి, బస్తా వెల్లుల్లి కుమ్మరించింది.

"ఎట్లైనా ముచ్చట్లు పెడ్తనే ఉన్నరు గదా. జర చేతులు గూడ ఆడనియ్యుండ్రి."

పట్టుచీరలతో అందరం కూర్చున్నాం. గద్వాల నుంచి వచ్చిన పెళ్లికొడుకు తరఫు ఆడవాళ్లు కూడా కూర్చున్నారు. అప్పటిదాకా రెండు వైపుల వాళ్ల మధ్య మాటలు లేవు, చాప మీద మాత్రం నవ్వులే నవ్వులు. ఆల్బమ్‌లో ఒక ఫొటో ఉంది. అందులో సగం మందిమి మా వేళ్లు మేమే వాసన చూసుకుంటున్నాం.

ఇక అసలు సంగతి పచ్చిపులుసు. అత్తమ్మకి ప్రాణం. నేను ఎన్నేళ్లుగా చేసి పెట్టినా, రుచి చూసి ఒక్కటే మాట: "ఇంక జర రావాలె."

సోమశిలకి వెళ్లినప్పుడు మేం చిప్స్ ప్యాకెట్లు తెచ్చుకున్నాం. ఆమె జొన్నరొట్టెలు, చింతపండు, ఉల్లిగడ్డలు తెచ్చింది. కృష్ణ ఒడ్డున పుల్లలు ఏరి పచ్చిమిరపకాయలు కాల్చింది. నన్ను కలపమంది. నేను గంటె తీశాను.

"గంటె ఎందుకే పోరి? ఉల్లిగడ్డ నీళ్లు ఇడిసేదాంక చేత్తోటి పిసుకు."

"చెయ్యి మండుతది గదా అత్తమ్మా!"

"మండనియ్యి. పొద్దుగూకే వరకు తగ్గుతది."

ఆ వాసనకి పక్కన కూర్చున్న యాత్రికుల కుటుంబం కూడా వచ్చి మాతో తినేసింది. అత్తమ్మ మా చిప్స్ ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి చూసి, "అంతా గాలే నింపిర్రు" అని రెండు చేతుల మధ్య టప్పున పేల్చింది. పడవ ఎక్కేదాకా నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం షరా మామూలే, "ఇంక జర రావాలె."

ఈ పొద్దున రిహార్సల్ చేశాను. మిరపకాయలు కాల్చి, ఉల్లిగడ్డ, ఉప్పు వేసి పిసికి, చింతపండు రసం పోశాను. గంటె ముట్టలేదు. చెయ్యి ఇంకా మండుతోంది, రెండు వేళ్లతో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

రుచి చూశాను. బాగుందనే అనిపించింది.

అలవాటుగా గిన్నె పట్టుకుని ఆమె మాట కోసం చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు తెలిసింది నాకు, అత్తమ్మ నిజంగానే వెళ్లిపోయిందని.

అత్తమ్మా, రేపు విస్తరి పెట్టి అక్కడే నిలబడతాను. ఏ పిట్టవై వస్తావో రా. ముందు వాసన చూస్తావు, నాకు తెలుసు. ఏదైనా తక్కువైతే ముట్టకుండా ఎగిరిపోకు. నా నెత్తి మీద ఒక్కటి పొడిచి, తిని పో.

నువ్వెళ్లిన చోట ప్యాకెట్లు ఉండవనుకుంటున్నాను. ఉంటే మాత్రం అక్కడి వంటవాళ్లని ఆ దేవుడే కాపాడాలి.

పోయి రా అత్తమ్మా. కడుపు నిండా తిని, చల్లగా ఉండు.