రెండో తీగ ఎక్కడికి పోయింది

బీడీల చాట నెత్తిన పెట్టుకుని కంపెనీకి పోయే దారి మా ఇంటి నుంచి పది నిమిషాలు కూడా ఉండదు. ఇరవై ఏళ్లుగా ఆ దారిలో నేను ఎక్కడా ఆగింది లేదు. ఆ వానకాలం ఒకరోజు సగం దారిలోనే ఊపిరి అందలేదు. ఎవరిదో అరుగు మీద కూలబడ్డాను. వచ్చేపోయేవాళ్లు చూస్తుంటే భయం కంటే ముందు సిగ్గేసింది. కాసేపటికి లేచి, కొంగు దులుపుకుని, బీడీలు అప్పజెప్పి ఇంటికి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో ఉండేది నేనూ మా అత్తమ్మా ఇద్దరమే. నా భర్త పోయి అప్పటికి ఆరేళ్లు. నేను నల్లా దగ్గర నుంచి బిందె తెస్తూ నడిమధ్యలో దించడం ఆమె రెండుసార్లు చూసింది. మూడోసారి బిందె అక్కడే వదిలేసి నన్ను దవాఖానకు లాక్కుపోయింది.

మొదట టీబీ అన్నారు. గళ్ల పరీక్షలో ఏమీ రాలేదు. తర్వాత ఆస్తమా అన్నారు, ఇన్‌హేలర్ ఇచ్చారు. అది పీల్చీ పీల్చీ నోరు పుండైంది కానీ ఆయాసం తగ్గలేదు. చివరికి హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ హెచ్.ఆర్.సి.టి. స్కాన్ తీయించి, ఫిల్ము వెలుతురుకు పట్టుకుని, నన్ను ఏం పని చేస్తావని అడిగింది. బీడీలు చుడతానన్నాను. తంబాకు, ఆకు ఎక్కడ పెడతావంది. తడిపిన తునికాకు గోనెసంచిలో చుట్టి మంచం కిందే పెడతానన్నాను. ఆమె తల ఊపింది. తంబాకు దుమ్ము, ఆ తడి గోనె బూజు ఇన్నేళ్లూ పీల్చి ఊపిరితిత్తులు వాచాయట. హైపర్ సెన్సిటివిటీ న్యుమోనైటిస్. ఆ పేరు నోరు తిరగడానికే నాకు వారం పట్టింది.

స్టెరాయిడ్స్ మొదలుపెట్టారు. నాలుగు అడుగులు నడిస్తే రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ నూటికి ఎనభై రెండుకు పడిపోతోంది కాబట్టి రోజుకు పదిహేను గంటలు ఆక్సిజన్ కావాలన్నారు. ఇంట్లో పెట్టుకోవడానికి గాలిలోంచే ఆక్సిజన్ తీసిచ్చే కాన్సంట్రేటర్ అనే మిషన్ కిరాయికి దొరుకుతుందట. డాక్టరమ్మ రెండు షరతులు పెట్టింది.

"గదిలో తడి అనేది ఉండకూడదు. మంచం పక్కనే సరైన ప్లగ్ పాయింట్ ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద నడపొద్దు. అది కుదరకపోతే వార్డులోనే ఉండండి."

మా పడకగదిలో ఉన్నది తలుపు పక్కన ఒకే బోర్డు. ఒక బల్బు, ఒక ఫ్యాను, ఫోను చార్జింగుకు రెండు పిన్నుల ప్లగ్గు. అంతే. మిరుదొడ్డి నుంచి తమ్ముడు వచ్చి, వాళ్లింటికి రమ్మన్నాడు. వాడి మనసు మంచిదే. కానీ అత్తమ్మ మా పుట్టింటికి వచ్చి ఉండదు, ఆమెను ఒక్కదాన్ని వదిలి నేను పోలేను. ఉన్నా పోయినా మా ఇంట్లోనే అని తేల్చి చెప్పాను.

అప్పుడు రాష్ట్రం కోసం సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు, దుకాణాలు బంద్, చౌరస్తాలో దీక్షా శిబిరం, కరెంటు ఆఫీసువాళ్లు కూడా సమ్మెలోనే ఉన్నారు. మా వెనక గల్లీలో మోటార్లు వైండింగ్ చేసే ఖాజా భాయ్ బెజ్జంకిలో కూతురింటికి పోయి అక్కడే చిక్కుకున్నాడు. ఇక ఎవరి కోసం చూడాలి? నేనే పెట్టుకుంటానన్నాను.

అత్తమ్మ ముక్కున వేలేసుకుంది. "ఆడిదానివి, పైంగ రోగం మీదున్నవ్. కరెంటు ముట్టుకుంటవా?"

"చౌరస్తాల అందరు కూసోని రాష్ట్రమే అడుగుతున్రు. నా గోడకు నేను ప్లగ్గు వెట్టుకుంటానంటే గింత లొల్లేంది?" అన్నాను. 

సగం షట్టరు ఎత్తిన దుకాణంలో మూడు పిన్నుల సాకెట్లు రెండు, వాటి బాక్సులు, ఎర్ర తీగ, ఇంకో తీగ, ప్లాస్టిక్ పట్టీలు కొన్నాను. మెయిన్ ఆపి, టెస్టర్ పెట్టి చూసుకుని, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. నాలుగు సుత్తి దెబ్బలు కొట్టడం, ఊపిరి తీసుకోవడం, మళ్లీ నాలుగు కొట్టడం. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఒక పూట పని, నాకు మూడు రోజులు పట్టింది. పట్టనీ, నాకేం తొందర? దవాఖానవాళ్లు అప్పటిదాకా ఒక చిన్న సిలిండర్ ఇచ్చి పంపారు.

ఈ విద్య నాకు మా బాపు నేర్పింది. పొలం మోటారు దగ్గర ఆయనకు పక్కన నిలబడి టెస్టర్ అందించేదాన్ని. "ఫేజు కరెంటోళ్లిస్తరు, రెండోది భూమి ఇస్తది బిడ్డా" అనేవాడు. మా దిక్కు చాలామంది అట్లాగే చేసేవాళ్లు. ఫేజు ఒక్కటే తెచ్చుకుని, రెండో తీగను తడి నేలలో దిగ్గొట్టిన ఇనుపరాడ్డుకు కట్టేవాళ్లు. ఫ్యాను మెల్లగా తిరిగితే రాడ్డు మొదట్లో చెంబెడు నీళ్లు పోసేవాళ్లు. నేనూ అదే చేశాను. ఎర్ర తీగ మీటరు దగ్గర నుంచి తెచ్చాను. రెండోది కిటికీలోంచి బయటికి తీసి, బాసన్లు తోమే చోట పాతిన రాడ్డుకు చుట్టాను. తలుపు పక్కన బోర్డు రెండో తీగనూ దానికే కలిపాను. అక్కడ తడి ఎప్పుడూ ఆరదు. మిషన్ పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. అత్తమ్మ మిషన్‌కు బొట్టు పెట్టింది.

చలికాలం బాగా గడిచింది. ఆక్సిజన్ మీద తొంభై నాలుగు ఉండేది. స్టెరాయిడ్ తగ్గించారు. ఉద్యమంవాళ్లు రోడ్డు మీద వంటావార్పు పెడితే మెల్లగా నడిచి పోయి, పొగకు దూరంగా కూర్చుని ఉల్లిగడ్డలు కోసి వచ్చాను.

ఎండలు ముదిరాక దెబ్బ తగిలింది. ఆక్సిజన్ పెట్టుకున్నా ఎనభై ఆరు దాటట్లేదు. మిషన్ మీద పచ్చ లైటు పోయి పసుపుది వచ్చింది. ఎండాకాలం వోల్టేజి అందరికీ తక్కువే కదా అనుకున్నాను, డాక్టరమ్మకు చెప్పనే లేదు. ఆమె స్టెరాయిడ్ పెంచింది. మొహం వాచింది, షుగర్ వచ్చింది. "ఫైబ్రోసిస్ మొదలైనట్టుంది, ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయి, ఇంట్లో ఉంచడం ఇక కష్టం" అంది.

ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎందుకంటే వార్డులో వాళ్ల ఆక్సిజన్ పెడితే అరగంటలో తొంభై అయిదుకు వస్తున్నాను. ఇంటికి వస్తే మర్నాటికి మళ్లీ ఎనభై ఆరు. రెండుసార్లు ఇట్లాగే అయింది. ఇంటికని మా సిద్దిపేట బస్సెక్కగానే రోగం ముదురుతుందా? మందులు మింగుతూ గోడ వైపు చూస్తూ పడుకున్నాను. మిషన్ నడిచినంతసేపూ తలుపు పక్కన బోర్డు మీది బల్బు గుడ్డిగా వెలుగుతోంది. మిషన్ ఆపితే బల్బు తేరుకుంటోంది. సమ్మె అయ్యాక తిరిగొచ్చిన ఖాజా భాయ్‌ను వెంటనే పిలిపించాను.

ఆయన సాకెట్లో వోల్టేజి చూసే మీటరు పెట్టాడు. రెండొందల ముప్పై ఉండాల్సిన చోట నూట నలభై చూపించింది. రెండో తీగ పట్టుకుని కిటికీ అవతలికి పోయాడు. రాడ్డు చుట్టూ నేల నెర్రెలిచ్చి ఉంది. ఇక్కడ తడి ఎందుకు ఆరిందని అడిగాడు.

తానే ఆరబెట్టానంది అత్తమ్మ. డాక్టరమ్మ తడి వద్దన్నది కదా అని, శివరాత్రి నుంచి బాసన్లు తోమడం ఇంటికి ఆ పక్కకు మార్చిందట. నేల పొడిబారినకొద్దీ నా మిషన్‌కు బలం తగ్గింది. మిషన్‌తో పాటు నేనూ తగ్గాను. సంగతి తెలియగానే ఆమె చెంబు తీసుకుని నీళ్లు పోయడానికి ఉరికింది. ఖాజా భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా, ఆ రాడ్డుల కరెంటున్నది. ఇన్నొద్దులు నువ్వు బతికుండుడే ఎక్కువ."

అత్తమ్మ చెంబు కింద పెట్టింది. చలికాలమంతా ఆ రాడ్డుకు జానెడు దూరంలో తడికాళ్లతో కూర్చుని గిన్నెలు తోమింది ఆమె. నీకెప్పుడూ ఏమీ అనిపించలేదా అని అడిగాను.

"చేతులు జివ్వుజివ్వుమనేటియి" అంది నేల చూస్తూ. "ముందుగాల వాతమనుకున్న. అటెన్క తెలిసింది. చెప్తె నువ్వు మిషన్ బంద్ వెడ్తవని చెప్పలే."

అప్పుడు ఏడ్చాను. రోగం వచ్చినప్పటి నుంచీ ఆపుకున్నదంతా ఏడ్చాను. ఆమె మీద అరిచాను కూడా. మా బాపు చెప్పింది తప్పెట్లా అవుతుందని ఖాజా భాయ్‌తో వాదించాను. తప్పే. తడి నేల ఆ తప్పును దాచిపెట్టింది, అంతే.

మర్నాడు తీగలన్నీ పీకేశాను. ఖాజా భాయ్ తాను చేస్తానన్నాడు. నేను పాడు చేసింది నేనే బాగు చేస్తానన్నాను. ఆయన కుర్చీ వేసుకుని ప్రతి ముడీ చూశాడు. రెండో తీగగా మీటరు నుంచి నల్ల తీగ, అంటే నూట్రల్, తెచ్చాను. ప్రమాదానికి కాపుగా మూడో పిన్ను నుంచి పచ్చ తీగను బొగ్గు, ఉప్పు పోసిన కొత్త ఎర్తు గుంతకు దించాను. కరెంటు దారి తప్పితే దానంతటదే పడిపోయే బ్రేకర్ పెట్టించాడాయన. తలుపు పక్కన బల్బు కళ్లు జిగేల్‌మనేలా వెలిగింది.

మూడో రోజుకు తొంభై మూడు. ఫోనులో డాక్టరమ్మకు సంగతంతా చెప్పాను. "స్టెరాయిడ్ తగ్గిద్దాం" అంది ఆమె. ఊపిరితిత్తులకు మచ్చలు కొన్ని మిగిలాయి. రెండో ఏడు మిషన్ వాపసు ఇచ్చేశాను. రాష్ట్రం వచ్చిందని వీధి వీధంతా గులాలు చల్లుకున్న రోజు, మొహానికి గుడ్డ కట్టుకుని చౌరస్తా దాకా నడిచాను. మధ్యలో ఒక్కసారే ఆగాను. సిగ్గేమీ వేయలేదు.

ఇప్పుడు బీడీలు ముట్టను. మంచం పక్క సాకెట్ మీద మోటారు కుట్టుమిషన్ నడుస్తోంది. రెండోదాని మీద ఫోను చార్జింగు.

ఇంటికి ఇట్లాంటి మిషన్ తెచ్చుకుంటున్నవాళ్లకు చెప్పేది ఒక్కటే. రోగం ముదిరిందని ఎవరన్నా అంటే ఒప్పుకునే ముందు, తెలిసిన మనిషితో సాకెట్ విప్పించి రెండో తీగ ఎక్కడికి పోయిందో చూడండి. ఆ తర్వాత ఇంట్లో గిన్నెలు తోమేవాళ్లను చేతులు జివ్వుమంటున్నాయా అని అడగండి. మీరు అడగనిదే వాళ్లు చెప్పరు.