నిలబడి నేసిన భావనారుషి

రాజమల్లు కుంచె పట్టాడంటే సూరత్‌ డిండోలిలో ఆ గల్లీ అంతటికీ పండగే. పొద్దంతా సాంచెల, అంటే మరమగ్గాల మోతలో నిలబడి బట్ట నేసి వచ్చిన మనిషి, ఇంకొకడైతే ఇంత తిని అడ్డంగా పడుకుంటాడు. ఈయన మాత్రం చింతగింజల జిగురు కాచి, గుడ్డకు సుద్ద పట్టించి, బొమ్మ ముందు కూర్చుంటాడు. చిన్నప్పుడు ఊళ్లో పటం కథలవాళ్లు విప్పిన ఎర్రటి పటాలను చూసి, కళ్లతోనే నేర్చుకున్న విద్య అది. గురువు లేడు, బడి లేదు. అయినా ఆయన గీసిన బతుకమ్మ ఆటను చూస్తే చప్పట్లు వినిపిస్తాయి. పాండేసర మిల్లు గేటు దగ్గర చాయ్ బండివాడు పటంలో తన బొమ్మ చూసుకుని, ఆ రోజంతా మురిసిపోయాడు. అలాంటి చేతిని కళ్లకద్దుకోవాలి.

ఈసారి పద్మశాలి సంఘంవాళ్లు మార్కండేయ జయంతికి పటం వేయమన్నారు. ఏటా ఫ్లెక్సీతో సరిపెట్టే సంఘం అది! రాజమల్లుకు కాలు నేల మీద నిలవలేదు. మార్కండేయుడి కొడుకు, దేవతలకు తొలి బట్ట నేసిన భావనారుషిని పటం నడిమధ్యన వేశాడు.

పండక్కి రెండు రోజుల ముందు సంఘం పెద్ద వెంకటయ్య చూడటానికి వచ్చాడు. కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడే మనిషి.

"ఏంది తమ్మీ, రుషి నిలబడి నేసుడేంది? మగ్గం గుంతల కాళ్లు వెట్టి కూసోవాలె గద!"

రాజమల్లు పటం వైపు చూశాడు. నిజమే. మగ్గాన్ని సరిగ్గానే గీశాడు గాని, దాని ముందు మనిషిని నిలబెట్టాడు. మీసాలు రాకముందే సూరత్ వచ్చి సాంచె పట్టినవాడికి, నేతగాడంటే నిలబడ్డ మనిషే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"తప్పైందన్నా. ఎర్రరంగు కొట్టి మల్ల ఎయ్యాలె. పండుగకు అందదు."

అంటే మళ్లీ ఫ్లెక్సీయే. రాజమల్లు భార్య ఐలమ్మ ఊరుకునే రకం కాదు.

"బావా, జర ఆ కాళ్లు సూడు," అంది.

వెంకటయ్య వంగి చూశాడు. రుషి పిక్కల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగి ఉన్నాయి. వెంకటయ్య కూడా వయసంతా సాంచెల ముందు నిలబడే గడిపినవాడు. లుంగీ కింద ఆయన కాళ్లూ అచ్చం అంతే.

"ఉండనియ్యి తమ్మీ," అన్నాడు. "గని పక్కన ఒక స్టూలు ఎయ్యి. షిఫ్టు దిగినంక జరసేపు కూసుంటడు."