వంటింట్లో మోగిన బేస్ డబ్బా

మా చిన్నప్పుడు... సాయంత్రమయ్యేసరికి మా వంటింట్లో మూతలన్నీ వాటంతట అవే మోగేవి. నవ్వకండి, నిజమే!

అదంతా నాన్న తెచ్చిన బేస్ డబ్బా పుణ్యం. అప్పటికే హాల్లో టేప్ డెక్కు, యాంప్లిఫయరు, రెండు స్పీకర్లు ఉండేవి. పెళ్ళిలో డోలు పక్కన నిలబడితే గుండెల్లో తగులుతుందే ఆ దెబ్బ... అది ఇంట్లో కూడా తగలాలని నాన్నకు ఒకటే ఆరాటం. తణుకు వెళ్ళి, ప్లైవుడ్ డబ్బాలో పెద్ద స్పీకరు బిగించినది ఒకటి పట్టుకొచ్చారు. ఇప్పుడు సబ్‌వూఫర్ అంటున్నామే, అదే. ఎర్ర వైరు, నల్ల వైరు యాంప్లిఫయరు వెనక తనే తగిలించి, పాట పెట్టి, పడక కుర్చీలో వాలారు.

ఏదీ దెబ్బ? పాట వస్తోంది గానీ బేస్ జాడే లేదు. కొత్త అల్లుడికి చప్పిడి కూర వడ్డించినట్టు అయిపోయింది పాపం నాన్న మొహం.

అంతలో వంటింట్లోంచి అమ్మ కేక... "ఏవండీ! ఏంటండీ ఆ గోల? గూట్లో మూతలన్నీ ఊగిపోతున్నాయి!"

నాన్న పరుగున వెళ్ళారు, వెనకే నేను. వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చేసరికి ధబ్, ధబ్, ధబ్... అరికాళ్ళలోంచి పైకి పాకుతోంది. హాల్లో లేని బేస్ అంతా ఇక్కడ చేరింది!

"ఇంట్లో ఆ డబ్బా అన్నా ఉండాలి, నా సామాన్లన్నా ఉండాలి. ఆదివారం కల్లా తేల్చండి" అంది అమ్మ. నాన్నకేమో ముచ్చటపడి తెచ్చుకున్నది తిరిగి ఇచ్చేయాలంటే ప్రాణం ఒప్పదు. అమ్మ మాట కాదనే ధైర్యమూ లేదు. తణుకులో ఉన్న స్నేహితుడు సత్తిబాబు గారికి, వచ్చి ఒకసారి చూడమని కబురు పంపారు.

ఆయన వచ్చేదాకా ఆగగలరా! మర్నాటి నుంచి పాట పెట్టి, పీట తెచ్చుకుని వంటింటి గుమ్మంలోనే కూర్చున్నారు. మంచినీళ్ళు కావాలన్నా హాల్లోంచి కేకేసే మనిషి! ఊరికే కూర్చోలేక చిక్కుడుకాయలకు ఈనెలు తీశారు. "ఈనెతో పాటు సగం కాయ పారేస్తున్నారు" అని దెప్పుతూనే అమ్మ నవ్వేది. నాలుగు రోజులు గడిచాయో లేదో, "ఇందాకటి పాట మళ్ళీ పెట్టండి" అనడం మొదలుపెట్టింది. అమ్మకు పాటలంటే ఇష్టమని నాకు అప్పుడే తెలిసింది.

ఆదివారం సత్తిబాబు గారు వచ్చి డబ్బా వెనక చూశారు. "ఎర్రదీ నల్లదీ తిరగేశావురా. స్పీకర్లు ముందుకు తోస్తుంటే ఇది వెనక్కి లాగుతోంది. నీ కుర్చీ దగ్గర రెండూ ఒకదాన్నొకటి చంపుకుని, వంటింటి దగ్గరకొచ్చేసరికి కలిసిపోతున్నాయి. ఇంక హాల్లో బేస్ ఎక్కడుంటుంది?" అని వైర్లు మార్చారు. అంతే, హాలు దద్దరిల్లింది! వంటింట్లో మూతలు నోరు మూసుకున్నాయి. "ఇంక మీ సామాన్లకేం భయం లేదు చెల్లెమ్మగారూ" అన్నారు. డబ్బా బతికిపోయింది. నాన్న మళ్ళీ పడక కుర్చీ ఎక్కారు.

మర్నాడు సాయంత్రం అమ్మ ఊరికే గుమ్మం దాకా వస్తోంది, వెళ్తోంది. చివరికి అడిగేసింది.

"ఏవండీ, ఇవాళ పాటలు పెట్టలేదా?"

"పెట్టాను కదే... వీధంతా వినిపిస్తుంటేనూ!"

"ఏమో... నాకేం తెలియట్లేదు."

నాన్న అమ్మ వంక చూశారు. లేచి, డబ్బా వెనక్కి వెళ్ళి, ఎర్రదీ నల్లదీ మళ్ళీ తిరగేశారు. పీట తెచ్చుకుని గుమ్మంలో కూర్చున్నారు. మూతలు మోగాయి. అమ్మ బెండకాయల పళ్ళెం ఆయన ముందుకు తోసింది. ఎంత హాయిగా అనిపించిందో నాకు...

మొన్న రాజమండ్రిలో మా ఫ్లాట్‌లో మా వారు కొత్త సబ్‌వూఫర్ బిగించారు. ఫోన్లో ఏదో యాప్ పెట్టి కొలిచి మరీ, సోఫాలో కూర్చుంటే సరిగ్గా అందేలా సర్దారు. బ్రహ్మాండంగా ఉందనుకోండి. వైర్లు తిరగేసే పని కూడా లేదు, దాని వెనక చిన్న స్విచ్చి ఉంటుంది, చాలు. కానీ ఇప్పుడు ఎవరి గది వాళ్ళది, ఎవరి చెవుల్లో వాళ్ళ పాట... అందరం కలిసి ఒకే పాట వినడం ఎప్పుడు మానేశామో గుర్తే లేదు.

నిన్న సాయంత్రం వంట మధ్యలో వచ్చి, మెల్లిగా ఆ స్విచ్చి నొక్కేసి వెళ్ళాను.

"ఏంటోయ్, బేస్ ఎక్కడికి పోయింది?" అని హాల్లోంచి కేక.

"ఎక్కడికీ పోలేదండీ, ఇక్కడే ఉంది. వచ్చేటప్పుడు ఆ స్టూలు కూడా తెచ్చుకోండి!"

మరి మీ ఇంట్లో పాట ఎక్కడ బాగా వినిపించేది... ఎవరి పక్కన?