ఎలెనా తిప్పిపెట్టిన బోర్డు

మా క్లినిక్ ఆఫీస్‌లో ఎవరో తీపి రొట్టెల పెట్టె తెరిచారు. దాల్చినచెక్క వాసన తగలగానే ఎలెనా గుర్తొచ్చింది. ఎలెనా డాక్టరు కాదు. మేముండే ప్లేనో ఊరికి అరగంట దూరంలో, మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉండే చోట బేకరీ నడిపేది. మా క్లినిక్ అక్కడి చర్చితో కలిసి వారానికో రోజు కౌన్సెలింగ్ మొదలుపెట్టినప్పుడు, అప్పుడే కౌన్సెలర్‌గా చదువు ముగించిన నన్ను, అక్కడ అందరినీ ఎరిగిన ఆవిడ చేతిలో పెట్టారు.

నా మొదటి ఘనకార్యం చర్చి గది బయట ‘మానసిక ఆరోగ్య సేవలు’ అని స్పానిష్‌లో ఇంత పెద్ద బోర్డు పెట్టడం. మూడు వారాలు ఈగలు తోలుకున్నాను. నాలుగో వారం ఎలెనా వచ్చి బోర్డును గోడవైపు తిప్పేసింది.

“ఇది చూశాక మీ వాళ్ళయితే లోపలికి వస్తారా?” అని అడిగింది.

మా తెలుగువాళ్ళు బీపీ, షుగర్ అని చెప్పుకుంటారే తప్ప ఈ మాటను గుమ్మం దాటనివ్వరు. ఆ రోజు నుంచి బేకరీకి వచ్చేవాళ్ళలో నిద్ర పట్టడం లేదన్నవాళ్ళని, గుండె దడ అన్నవాళ్ళని ఆవిడే కాఫీకని నా దగ్గరికి తీసుకొచ్చేది.

అలా వచ్చింది మార్తా. ఇద్దరు పిల్లల తల్లి. కొన్ని వారాలు మాట్లాడాక ఒకరోజు, “నేను లేకపోయినా పిల్లలు బాగానే ఉంటారు” అంది. ఆ పూటంతా మేమిద్దరం ఆమెను వదల్లేదు. మర్నాడు మళ్ళీ వస్తానని మాటిచ్చి వెళ్ళింది. రాలేదు.

“నువ్వు ఫోన్ చేశావా? ఏమని మెసేజ్ పెట్టావ్?” అంది ఎలెనా.

“మెంటల్ హెల్త్ క్లినిక్ నుంచి, అపాయింట్‌మెంట్ మర్చిపోవద్దని.”

“ఆ ఫోన్ వాళ్ళాయనది, సిరీ.”

శిరీష అనే నా పేరును ఆవిడ అలా ముద్దుగా కుదించేది, ఆ రోజు అది కూడా తిట్టులా వినిపించింది. ఇద్దరం కార్‌లో బయలుదేరాం. మార్తా ఇంటి ముందు నన్ను కార్‌లోనే ఉండమని, రొట్టెల సంచీతో ఎలెనా వెళ్ళి తలుపు కొట్టింది. తలుపు తెరుచుకుంది, ఆవిడ లోపలికి వెళ్ళాక మూసుకుంది. ఆ తర్వాత ఎంతకీ అలికిడి లేదు. నేను తలుపు మీద నుంచి చూపు తిప్పలేదు. చివరికి మార్తా బయటికొచ్చి నా పక్క సీట్లో కూర్చుంది.

“మా ఆయనకి తెలిసిపోయింది. గవర్నమెంటు వాళ్ళు నన్ను పిచ్చిదాన్నని రాసి పిల్లల్ని తీసుకెళ్ళిపోతారా?”

“సాయం అడిగినందుకు ఎవరూ తీసుకెళ్ళరు” అన్నాను, నాకొచ్చిన స్పానిష్‌లో. ఆమె ఏడ్చింది. తర్వాతి వారం నుంచి మళ్ళీ వచ్చింది.

ఆ రోజు తిరిగొస్తుంటే ఎలెనా, “ఈసారి తలుపు తీసింది. ప్రతిసారీ తీస్తారనుకోకు” అని మాత్రం అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఎలెనా ఇప్పుడు వేరే రాష్ట్రంలో కూతురి దగ్గర ఉంటోంది. మా క్లినిక్ ఫారంలో పేరు కంటే ముందు నేను పట్టుబట్టి చేర్పించిన ప్రశ్న ఒకటుంది: ఈ నంబర్‌కి చేస్తే ఎవరు ఎత్తుతారు? పోయిన వారం మా ప్లేనోలో ఉండే తెలుగు ఆంటీ ఒకరు వచ్చి, ఆ ప్రశ్న దగ్గర పెన్ను ఆపేశారు.

“మా ఇంట్లో ఎవరు ఎత్తినా గుడి నుంచి అని చెప్పమ్మా” అన్నారు.

“అలాగే ఆంటీ” అని ఆమె నంబర్ పక్కన ‘గుడి’ అని రాసుకున్నాను. ఆ ఫోన్ ఈ రోజు చేయాలి.