ఖాళీలను కూడా చదివిన గొంతు

మా అత్తకు చూపు పూర్తిగా పోయిన ఏడాదే కర్ణాటకలో మా చిక్కబళ్ళాపుర జిల్లా అయింది. అక్కడ కొత్తగా మొదలైన ఒక చిన్న ఇంగ్లీషు వారపత్రికకు వెబ్ పేజీ తయారుచేసే పని నాకు దొరికింది. అప్పట్లో చింతామణిలో ఒక టైర్ల అంగడి పై గదిలో కూర్చుని ఆ పనితోనే బతుకుతున్నాను. భూముల మీద బతికిన మా వంశంలో సొంత చేతిపనితో బతికిన మొదటివాణ్ణి నేనే. అందుకు ఎవరూ జాలిపడవలసిన పని లేదు.

అత్త, అంటే మా నాన్న చెల్లెలు, బాగేపల్లిలో మాకు మిగిలిన సగం ఇంట్లో ఒంటరిగా ఉండేది. బెంగళూరు కాన్వెంటులో చదివింది. ఇంగ్లీషు పేపరు చూడనిదే కాఫీ ముట్టేది కాదు. చూపు పోయాక ఎవరైనా చదివి వినిపిస్తామంటే ఒప్పుకోలేదు.

"నేనేం చదవతాండానో ఇంకొకరికి తెలియాల్నా?" అనేసింది.

ఆ తర్వాత ఏమీ చదవలేదు. గోడవైపు తిరిగి కూర్చునేది. తెరమీది అక్షరాలను పైకి చదివే ప్రోగ్రామును ఒక పాత కంప్యూటరులో ఎక్కించి ఆమె గదిలో పెట్టాను. ముందుగా తెరిచింది నా పేజీనే.

ఆ పేజీ అంటే నాకు గర్వం. మూడు నిలువు వరసలు, వెంట్రుకవాసి కదలవు. మా తాత చావడిలో ఎవరి చోటు వారికి ఉన్నట్టు ప్రతి వార్తకూ ఒక గడి. గడుల మధ్య ఎడం చెదరకుండా కంటికి కనబడని బొమ్మలు ఇరికించాను. చాలామంది అలాగే చేసేవారు.

యంత్రం మగగొంతుతో మొదలుపెట్టింది. శీర్షికలన్నీ ఒక్కసారే చదివేసి, తర్వాత ఏ వార్త ఏ శీర్షికదో తెలియకుండా సాగింది. నడుమనడుమ "గ్రాఫిక్, స్పేసర్" అంటూనే ఉంది.

"ఏందప్పా వీడు, మాటిమాటికీ అదే అంటాండాడు?"

"అక్కడ ఖాళీ ఉండాదని చెప్తాండాడత్తా. అది మూసుకుపోకుండా నేను పెట్టిన బొమ్మలవి."

"ఖాళీకి కాపలా పెట్టినావా?" అత్త నవ్వింది. "ఈ ఇంట్లో నేను చేసేదీ అదే కదప్పా."

నాకు నవ్వు రాలేదు. మంచాలు, బీరువాలు అమ్మేసిన గదుల్లోకి ఆ మాట వెళ్లి, అక్కడ ఎవరో ఒప్పుకున్నట్టు తిరిగి వచ్చింది.

చింతామణికి వచ్చి గడులన్నీ విప్పేశాను. చదవవలసిన క్రమంలోనే వార్తలు రాశాను. వెడల్పులు శాతాల్లో ఇచ్చాను. అక్షరం పెద్దదైతే వరస సాగుతుంది, తెర చిన్నదైతే కిందికి దిగుతుంది. బొమ్మలు తీసేశాను. మౌస్ ముట్టకుండా, కీబోర్డు మీది ఒక మీటతో శీర్షిక నుంచి శీర్షికకు వెళ్లే ఏర్పాటు చేశాను. కదలకుండా నిలబడటమే మర్యాద అని పెరిగినవాణ్ణి. జరిగి చోటివ్వడం నేర్చుకోవడానికి వారం పట్టింది.

బాగేపల్లికి తిరిగి వెళ్లి కొత్త పేజీ తెరిచాను. అత్త మీట నొక్కుతూ పోయింది. రాజకీయాలు దాటింది, టమోటా ధరలు దాటింది, మరణవార్తల దగ్గర ఆగింది. ఆ గొంతు మా చుట్టుపక్కల ఇళ్ల పెద్దల పేర్లను ఇంగ్లీషు దొరలా పలుకుతూ ఒక్కొక్కరినే గదిలోకి తెచ్చి నిలబెట్టింది. నేను ఎన్నడూ వినని ఒక మగపేరు దగ్గర ఆమె వేలు ఆగింది. వెనక్కి వెళ్లి మళ్ళీ వింది.

"ఎవరత్తా?"

ఆమె ముఖం నావైపు తిరగలేదు.

"చదువుకుంటాండాను కదా. తలుపు దగ్గరికేసి పో నాయనా."

బయటికి వచ్చి తలుపు వేశాను. పక్కింటి ఆమె గోడ మీదుగా తొంగిచూసింది.

"ఎవురో మగాయన మాట్లాడతాండాడే, చుట్టాలొచ్చినారాప్పా?"

లోపల ఆ గొంతు అదే పేరును మళ్ళీ చదివింది.

"లేదమ్మా," అన్నాను. "అత్త పేపరు చదువుకుంటా ఉండాది."